పరుపుల వీధి – 14: కనపడని పేగు

“ఆముదం గిన్నె ఇట్లీ అత్తా. ఇంగ చాలు.”

“చాలో చాలదో నా చేతికి తెలుసుమే. నువ్వు పక్కకు జరుగు.”

“నిన్న ఒగతూరి, పొద్దున్నే ఒగతూరి పట్టినారు. పిల్ల తట్టుకోలేకుండా ఉండాది.”

“నా చేతికి తగ్గకుంటే బొడ్డుకాడ నొప్పి ఎట్లా పోయిందంట? నన్ను అడగొద్దు, నీ కూతుర్నే అడుగు. షబ్రీనూ, బొడ్డుకాడ నొప్పి ఉండాదా తల్లీ?”

మంచం మీద మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకున్న షబ్రీన్ తల అడ్డంగా ఊపింది. “ఆడ లేదు జేజీ. ఈడ ఉండాది,” అని పొట్టకు కుడివైపు, కింద వేలు పెట్టి చూపించింది.

“సూసినావా!” షహర్‌బాను మొహం వెలిగిపోయింది. “నాఫ్ చోటికి వచ్చేసింది. ఈ మిగిలింది రేపటికి సర్దుకుంటాది. ఇంగొక్కతూరి పట్టనీ.”

ఫిర్దోస్ గిన్నె అంచు పట్టుకుంది. అత్త వదల్లేదు. గిన్నె ఇద్దరి మధ్యా అటూ ఇటూ ఊగి, సగం ఆముదం మంచం పట్టె మీద ఒలికింది. ఒలికిన నూనె వంక ఇద్దరూ చూశారు గానీ తుడవడానికి ఎవరూ కదల్లేదు.

పోయిన వారం ఈ ఇంటిని మనం వీధంతా చక్కెర పంచుతుండగా వదిలిపెట్టాం. ఆ చక్కెర కథ తెలియనివాళ్ళకు రెండు మాటలు. చిత్తూరులో పరుపులు కుట్టే ఫకృద్దీన్ మనవరాలు షబ్రీన్, తొమ్మిదేళ్ళ పిల్ల. ముందురోజు బడి నుంచి పొట్టనొప్పితో వచ్చింది, అన్నం వద్దంది, వాంతి చేసుకుంది. నాయనమ్మ షహర్‌బాను ఆముదం వెచ్చబెట్టింది. తల్లి ఫిర్దోస్ మాత్రం ఊరుకోక పిల్లను పక్క వీధి స్కానింగ్ సెంటర్‌కు తీసుకుపోయింది. అత్త కూడా వెంట నడిచింది. అక్కడి డాక్టరు పొట్ట మీద యంత్రం తిప్పి తిప్పి చూసి, “అపెండిక్స్ కనపళ్ళేదమ్మా, పెద్ద డాక్టరుకు చూపించండి,” అన్నాడు. షహర్‌బాను మొదటి ముక్క విన్నది, రెండోది వినిపించుకోలేదు. ఇంటికి వస్తూనే చక్కెర మీద ఫాతెహా చదివించి, పిల్లకు అపెండిక్స్ లేదని వీధిలో ప్రతి గడపకూ చెప్పి పంచింది. దీపాలు పెట్టేవేళకు ఎదురింటి నాగులమ్మ వచ్చి, “మీ పాపకు పుట్టుకతోనే ఆ పేగు లేదంట గదక్కా! అదృష్టం చేసుకోని పుట్టింది, ఎప్పటికీ ఆపరేషను బాధ ఉండదు,” అని మెటికలు విరిచి పోయింది.

షహర్‌బాను చేతికి ఆ చుట్టుపక్కల పేరుంది. పొట్టనొప్పి వచ్చిందంటే బొడ్డు చోటు తప్పిందనీ, అంటే నాఫ్ తప్పిందనీ పిల్లల్ని ఎత్తుకుని వస్తారు. ఆమె బిస్మిల్లా అని, గోరువెచ్చటి ఆముదం రాసి, బొటనవేళ్ళతో నాలుగు వైపుల నుంచీ నొక్కుతూ బొడ్డును చోటికి తెస్తుంది. పైసా తీసుకోదు. వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి తగ్గుతుంది కూడా. అందుకే అత్త చెయ్యి పిల్ల పొట్ట మీద పడినప్పుడు మొదట ఫిర్దోస్ కూడా అడ్డం చెప్పలేదు. కానీ ఈ ఉదయం ఒళ్ళు వెచ్చబడింది. పిల్ల నడవాలంటే వంగిపోతోంది.

“అమ్మా, ఆ గిన్నె వదిలెయ్,” అన్నాడు గుమ్మంలోంచి నియాజ్. అతను ఫిర్దోస్ భర్త. తిరుపతిలో ఏదో హాస్టలుకు వెయ్యాల్సిన ఒంటి పరుపులు బండికెక్కించి వచ్చాడు. చొక్కా నిండా దూది నలకలు. “నేనెట్లా తిరుపతికి పోతాండా. పిల్లను పరుపుల మింద పండుకోబెట్టుకోని పోదాం. ఆడ పిల్లోల్ల ఆస్పత్రి ఉండాది. మీ ఇద్దురూ కొట్లాడుకునేది ఉంటే బండిలో కొట్లాడుకోండి.”

“నేను రాను,” అంది షహర్‌బాను.

అని, అందరికంటే ముందు బండెక్కి కూర్చుంది.

దారిలో ఎవరూ కొట్లాడుకోలేదు. షబ్రీన్ కొత్త పరుపు మీద, తల జేజి ఒళ్ళో, కాళ్ళు తల్లి ఒళ్ళో పెట్టుకుని పడుకుంది. పూతలపట్టు దాకా బాగానే ఉంది. ఆ తరువాత ఎక్కడ స్పీడ్ బ్రేకరు వచ్చినా, బండి మెల్లగా ఎక్కి దిగినా, “అమ్మా” అని మూలిగి కుడిపక్క పట్టుకునేది. “మెల్లగా పోరా, పిల్లనుకున్నావా బస్తా అనుకున్నావా,” అని షహర్‌బాను చంద్రగిరి వరకూ కొడుకును తిడుతూనే ఉంది.

ఆస్పత్రిలో పిల్లల సర్జన్ పేరు అమల. మాట నెమ్మది, చెయ్యి ఇంకా నెమ్మది. పొట్ట ముట్టుకోకముందే ఆమె అడిగిన మొదటి ప్రశ్నకు నియాజ్ తెల్లబోయాడు.

“వచ్చే దారిలో గుంతల్లో బండి ఎగిరినప్పుడు నొప్పి పుట్టిందా?”

“ఎగిరినప్పుడంతా పుట్టింది డాక్టర్ ఆంటీ,” అని షబ్రీనే చెప్పింది. “నాయన మెల్లగానే తోలినాడు. అయినా పుట్టింది.”

డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యి ఆనించి, కొద్దిగా అదిమి వదిలింది. వదిలినప్పుడు పిల్ల మొహం ముడుచుకుపోయింది. మంచం దిగి కుడికాలి మీద ఒకసారి గెంతమంటే, “నేను గెంతను,” అని తల్లి కొంగు పట్టుకుంది.

“అపెండిక్స్ అయ్యుండొచ్చు,” అంది డాక్టరమ్మ.

“అది లేదని చెప్పేసినారమ్మా,” అంది వెంటనే షహర్‌బాను. “చిత్తూరులో స్కానింగ్ చేయించినాం. కనపళ్ళేదు అన్నాడు ఆయప్ప.”

“కనపళ్ళేదు అంటే లేదని కాదవ్వా.”

“కనపడనిది ఉండాదని ఎట్లా చెప్పేది?”

డాక్టరమ్మ జవాబు చెప్పేలోపలే నియాజ్ అందుకున్నాడు. “అమ్మా, పరుపు కుట్టేటప్పుడు దూదిలో సూది పడిపోతాది. అంతా తడుముతాం. కనపళ్ళేదంటాం. లేదని చెప్పి ఆ పరుపు ఎవురికన్నా అమ్ముతామా?”

షహర్‌బాను వంగి పిల్ల జడ సర్దింది. పరుపు సంగతిలో ఆమె కొడుకుతో వాదించదు.

“బాగా చెప్పినారు,” అని డాక్టరమ్మ నవ్వింది. తరువాత నవ్వకుండా అడిగింది. “పొట్ట ఎవరైనా రుద్దినారా?”

నియాజ్ పైకప్పు వైపు చూశాడు. షహర్‌బాను తన చేతుల్ని పైటలో చుట్టుకుంది.

“రుద్దినారు,” అంది ఫిర్దోస్. “ఆముదం పెట్టి.”

“ఎవరు?”

“ఇంట్లోనే.”

డాక్టరమ్మ ముగ్గురి మొహాలూ చూసి ఇంకేమీ అడగలేదు. “ఇకమీదట ఎవరూ పొట్ట మీద చెయ్యి పెట్టొద్దు. లోపల పేగు వాచి ఉంటే నొక్కడం మంచిది కాదు. పగిలిందంటే చీము పొట్టంతా పాకుతుంది. అప్పుడు చిన్న ఆపరేషను పెద్దదవుతుంది,” అంది.

అక్కడ మళ్ళీ మామూలు స్కానింగ్ చేశారు. జెల్లీ రాసి స్కానింగ్ డాక్టరు చాలాసేపు వెతికాడు. పేగుల్లో గాలి అడ్డం వచ్చింది. ఇక్కడా కనపడలేదు.

“సి.టి. స్కాన్ తీద్దాం,” అంది అమల డాక్టరు. “గాలి ఉన్నా అందులో అడ్డం రాదు. పేగు ఎక్కడుంది, వాచిందా, పగిలిందా, అసలు ఇది కాక ఇంకేదన్నానా, చాలావరకు తెలిసిపోతుంది.”

“తీయండి,” అన్నాడు నియాజ్.

“వద్దు!” అంది షహర్‌బాను.

అంత గట్టిగా అనాలని ఆమె కూడా అనుకున్నట్టు లేదు. గొంతు తగ్గించుకుంది. “దాంట్లో రేడియేషను ఉంటాదంట. ఫోన్లలో వస్తాండాది. ఆడపిల్ల. రేపు దానికి పెళ్ళి గావాల, పిల్లలు పుట్టాల. కోసేదుంటే కోసెయ్యండి. ఆ ఫోటో మాత్రం వద్దు.”

“మీ భయం తప్పు కాదవ్వా,” అంది డాక్టరమ్మ. “రేడియేషన్ ఉంటుంది. అందుకే వచ్చీ రాగానే సి.టి. అనలేదు. ముందు మామూలు స్కానింగే చేయించినాను. అవసరం లేకుండా పిల్లలకు తీయం. తీసినా పిల్ల బరువుకు తగ్గట్టు తగ్గించి తీస్తాం. దానివల్ల వచ్చే కీడు చాలా తక్కువ. ఫోటో లేకుండా కోసినాననుకోండి, లోపల పేగు బాగానే ఉంటే ఊరికే కోసినట్టు. తీయకుండా ఆగి చూసే పిల్లలూ ఉంటారు. ఈ పాపకు జ్వరం మొదలైంది. ఎక్కువసేపు ఆగడానికి నాకు ధైర్యం చాలదు.” లేచి నిలబడింది. “మీలో మీరు మాట్లాడుకోండి. తొందరగా చెప్పండి.”

నియాజ్ కిందికి మందులు తేవడానికి పోయాడు. నోటికి నీళ్ళు కూడా ఇవ్వొద్దని చెప్పి షబ్రీన్ చేతికి సెలైన్ పెట్టారు. నర్సు పక్కనే ఉంది. వార్డు బయట బల్ల మీద అత్తా కోడళ్ళిద్దరే కూర్చున్నారు, మధ్యలో ఇంకో మనిషికి చోటు వదిలి.

“నిజం చెప్పండత్తా,” అంది ఫిర్దోస్. “మీ భయం రేడియేషనా?”

“కాకుంటే?”

“మొన్న మీ మోకాలికి ఎక్స్‌రే తీసినప్పుడు, సరిగ్గా పడిందో లేదో ఇంగొకటి తీయప్పా అని మీరే అడిగినారు గదా.”

షహర్‌బాను ఎదురుగా గోడ మీద పసిబిడ్డ బొమ్మ వైపు చూస్తూ ఉండిపోయింది. తరువాత ఆ బొమ్మతోనే చెప్తున్నట్టు అడిగింది.

“ఆ ఫోటోలో లోపలుండేదంతా కనపడతాదా?”

“ఔ.”

“పగిలి ఉంటే అది గూడా?”

“అది గూడా.”

“పగిలి ఉంటే... నా చెయ్యే గదా ఫిర్దోసూ.” పైటలోంచి చేతులు బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది. “ఆ ఫోటోలో నా చెయ్యి కనపడతాది.”

పొద్దుటి నుంచీ, కాదు, నిన్నటి నుంచీ ఫిర్దోస్ నోట్లో ఒక మాట తిరుగుతోంది. అవునత్తా, మీ చెయ్యే. అంతే. ఆ మాట అంటే చాలు, ఇంక ఆ ఇంట్లో పిల్లకు తలనొప్పి వచ్చినా ఎవరి మాట చెల్లాలో తేలిపోతుంది. బండిలో వస్తున్నంతసేపూ ఆ మాట ఎప్పుడు అనాలా అని ఆమె చూస్తూనే ఉంది. ఇప్పుడు అత్త తనంతట తానే ఆ మాటకు అడ్డం లేకుండా నిలబడింది. అనడానికి ఇంతకంటే మంచి సమయం రాదు.

ఒళ్ళో ఉన్న ఆ చేతులు చూసింది. పరుపుల సూది లాగి లాగి బొటనవేళ్ళు రెండూ కొద్దిగా పక్కకు వంగి ఉన్నాయి. గోళ్ళ సందుల్లో ఇంకా ఆముదం.

“చెయ్యి కనపడదత్తా. పేగు కనపడతాది,” అంది. “పగిలుంటే పగిలిందని డాక్టరమ్మకు తెలియాల్నా వద్దా? మీ చెయ్యి సంగతి తరవాత సూసుకుందాం.”

“నా కొడుకు నా మొగం సూడడు.”

“ఫోటోలో ఏమొచ్చినా దాన్ని మీ చేతితో ముడిపెట్టి నేను ఒక్క మాట అనను. ఆయనతో అనను, మామతో అనను. నాగులమ్మతో అసలే అనను.”

షహర్‌బాను మొహంలో నవ్వు లాంటిది ఒకటి వచ్చి పోయింది. “నీ కూతురుమే. నువ్వు తీయిస్తానంటే నేనెవురు అడ్డం?”

“మీరు వద్దంటే మీ కొడుకు కిందా మీదా పడతాడు. పిల్ల గూడా మీ మొగమే సూస్తాది. మీరే చెప్పల్ల.”

నియాజ్ మెట్లెక్కి వచ్చాడు. ఇద్దరి మధ్యా వదిలిన చోటు లేకపోవడం చూసి కొంచెం ఆశ్చర్యపోయాడు.

“ఏమనుకున్నారు?”

“తీయించు,” అంది షహర్‌బాను.

సి.టి. గది గుమ్మం దగ్గర షబ్రీన్ మొండికేసింది. లోపల పిల్లతో పెద్దవాళ్ళు ఒకరు ఉండొచ్చునని, బరువైన సీసపు ఆప్రాన్ వేసుకోవాలని అక్కడి అమ్మాయి చెప్పింది. ఫిర్దోస్ ముందుకు వచ్చింది.

“అమ్మ వద్దు. జేజి రావాల,” అంది షబ్రీన్.

ఫిర్దోస్‌కు ఒక్క క్షణం చివుక్కుమంది. తరువాత అత్త మొహం చూసి పక్కకు తప్పుకుంది. షహర్‌బాను చీర మీద ఆ ఆప్రాన్ కట్టించుకుంటూ, “ఏందిమే ఇది, తడిసిన పరుపు మోసినట్టుండాది,” అని విసుక్కుంది. అద్దం అవతలి నుంచి ఫిర్దోస్‌కు మాటలు సన్నగా వినపడుతున్నాయి.

“జేజీ, ఇది వడ మాదిరి ఉండాది! నడాన బొక్క!”

“ఔ తల్లీ. నువ్వు ఆ బొక్కలోకి పోయి రావాల. కదలొద్దు.”

“మందు ఎక్కిస్తే ఒళ్ళు వెచ్చగా ఉంటాదంట.”

“ఉండనీ. నేను ఈడనే ఉండా.”

బల్ల లోపలికి జరిగింది. షహర్‌బాను చెయ్యి పిల్ల పొట్ట దాకా వచ్చింది, అలవాటుగా. మధ్యలోనే ఆగింది. తిరిగి పాదం పట్టుకుంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఏ దువా చదువుతోందో అద్దం ఇవతలికి వినపడలేదు. ఫిర్దోస్ కూడా తనకు గుర్తున్నది చదువుకుంది. అది సగంలో ఉండగానే ఫోటో అయిపోయింది.

అమల డాక్టరు వాళ్ళను తన గదిలోకి పిలిచి కంప్యూటరు తెర వాళ్ళ వైపు తిప్పింది. నలుపు, తెలుపు, బూడిద రంగు మరకలు. ఆమె పెన్నుతో ఒకచోట చూపించింది.

“ఇదీ దొంగ. పెద్దపేగు మొదట్లో వెనక్కి మడుచుకుని దాక్కుంది. అందుకే రెండుచోట్లా దొరకలేదు. మామూలుగా సన్నగా ఉండాల్సింది ఎట్లా లావెక్కిందో చూడండి. వాచింది.”

“పగిలిందా?” ఆ ప్రశ్న ఫిర్దోస్ అడగాలనుకుంది. అడిగింది షహర్‌బాను.

“పగల్లేదు. చుట్టూ చీము కూడా లేదు.”

“ఇంగోతూరి చెప్పమ్మా.”

“పగల్లేదవ్వా. మంచి సమయానికి తెచ్చినారు. మధ్యాహ్నమే తీసేస్తాను. చిన్న చిన్న గాట్లే. తొందర్లోనే మళ్ళీ గెంతుతుంది.”

షహర్‌బాను పైట చెంగు కళ్ళకు అద్దుకుంది. నియాజ్ పెద్దగా ఊపిరి వదిలి, డాక్టరమ్మకు నమస్కారమూ సలామూ కలిపి ఏదో పెట్టాడు. ఫిర్దోస్ కుర్చీలో వెనక్కి వాలింది. పిల్ల కడుపులో ఏముందో తెలిసింది. తెలిసినదానికి మందు ఉంది. నిన్నటి నుంచి మొదటిసారి ఆమెకు ఆకలి వేసింది.

అందరూ లేచారు. షహర్‌బాను లేవలేదు.

“ఒగ మాట అడగతా డాక్టరమ్మా. నిన్న బొడ్డుకాడ నొప్పి. నే... రుద్దినాక ఆడ పోయింది. కుడిపక్క మిగిలింది. అదెట్లా పోయింది మరి?”

“ఈ జబ్బు చాలామందిలో అట్లే నడుస్తుందవ్వా. మొదట బొడ్డు చుట్టూ నొప్పి, తరువాత కుడిపక్కకు దిగుతుంది. ఎవరూ ముట్టకపోయినా దిగుతుంది.”

“ఎవురూ ముట్టకపోయినా,” అని షహర్‌బాను మెల్లగా ఆ మాటనే అనుకుంది.

వార్డులో షబ్రీన్ మంచం చుట్టూ అందరూ తలా ఒకవైపు కూర్చున్నారు. నియాజ్ ఇంటికి ఫోను చేసి స్పీకరు పెట్టాడు. ఫకృద్దీన్ గొంతు అంగడి సందడి మధ్య నుంచి వచ్చింది. కొడుకు చెప్పిందంతా విని, “అల్హందులిల్లా” అని మూడుసార్లు అన్నాడు.

“సరే గానీ నాగులమ్మకు ఏం చెప్పేది? నిన్న లేని పేగు ఈ పొద్దు మొలిచిందని చెప్పనా?”

షబ్రీన్ నవ్వబోయి, నొప్పి పుట్టి, “అబ్బా, నవ్వించొద్దు,” అని అరిచింది. అందరూ నవ్వారు. షహర్‌బాను కూడా.

“మీ అమ్మ ఎప్పుడొస్తాది?” అన్నాడు ఫకృద్దీన్. “మురకంబట్టు నుంచి తిరుమలమ్మ అని ఒగామె ఆటోలో మనవరాల్ని ఎత్తుకోనొచ్చింది. పొట్టనొప్పంట. అరుగు మింద కూచోనుండారు. మీ అమ్మ చెయ్యి పడితేనే తగ్గతాదని పట్టుబట్టింది.”

“రేపు సాయంత్రం వస్తాదని చెప్పు నాయనా,” అన్నాడు నియాజ్. “నొప్పి తట్టుకోలేకుంటే—”

“ఇట్లీ,” అని షహర్‌బాను కొడుకు చేతిలోంచి ఫోను తీసుకుంది. “ఆ పిల్లకు నొప్పి యాడుండాదో అడుగు.”

ఫోనులో అడుగుల చప్పుడు. ఫకృద్దీన్ ఎవరితోనో మాట్లాడటం, ఒక ఆడమనిషి గొంతు గబగబా ఏదో చెప్పడం. అతను తిరిగి వచ్చాడు.

“మొన్న బొడ్డుకాడ ఉండెనంట. ఇప్పుడు ఆడ లేదంట, కుడిపక్క ఉండాదంట. నాఫ్ దానంతట అదే చోటికి వచ్చిందేమో, నువ్వు ఒగతూరి సరిజూస్తే చాలు అంటాండాది.”

ఫిర్దోస్ అత్త మొహం వైపు చూసింది. తాను ఇచ్చిన మాట ఆమెకు గుర్తుంది, అందుకే పెదవి కదపలేదు. నియాజ్ ఏదో అనబోయాడు. తల్లి వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది. ఫోనును నోటికి దగ్గరగా పెట్టుకుంది. గొంతు పెంచలేదు. మంచం చుట్టూ ఉన్నవాళ్ళకూ, అవతల వింటున్నవాడికీ వినపడేంత మాత్రమే.

“ఆ పిల్ల పొట్ట ఎవురూ ముట్టుకోవద్దు. నీళ్ళు గూడా తాపొద్దు. ఇప్పుడే ఏదన్నా కారు మాట్లాడి నేరుగా ఈడికి పంపించు, నేను గేటుకాడ నిలబడుంటా. ఇంగోటి గూడా అరుగు మింద ఉండేవాళ్ళకు చెప్పు. కాలు బెణికితే పడతా, మెడ పట్టుకుంటే పడతా. పొట్టకు మాత్రం, ఈ పొద్దుతో, షహర్‌బాను చెయ్యి లేదు.”